చల్లని కాళ్లకు జపాన్ పొట్లం

"రోగిగా వెళ్లాలి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఎచ్చెర్ల దగ్గర జపాన్ మూలికా వైద్యం క్లినిక్ వెలిసింది. రాడార్ కేంద్రం ఉద్యోగులు అక్కడికే పరిగెడుతున్నారు. వాళ్లు మంచం మీద వైద్యం చేయించుకుంటుంటే, విదేశీ ముఠా వాళ్ల ఫోన్లు కాపీ చేస్తోంది. సాక్ష్యం కావాలి. ఆపరేషన్ సంగతి మాత్రం ఎప్పటికీ, ఎవరికీ తెలియకూడదు."

ఏజెంట్ పృథ్వీరాజ్‌కి నటించే శ్రమ తప్పింది. ఏళ్ల తరబడి అతని కాళ్లూ చేతులూ చల్లగానే ఉంటున్నాయి. ఊరికో పేరు, పేరుకో అద్దెగది. పలకరించే మనిషి ఉంటే కదా ఒంట్లో రక్తం పారేది! ఇక్కడతను పుస్తకాల సేల్స్‌మన్ సంజయ్. గది అద్దెకిచ్చిన ముసలావిడ కూర్మమ్మ ఒక్కతే, "తిన్నావేటి బాబూ?" అని రోజూ అడిగేది. ఆ మాట కోసమే పెందలాడే ఇంటికి చేరేవాడు, పాపం.

క్లినిక్‌లో నాడి చూసేది ఝాన్సీ. వీధి మొత్తం తిరిగి చూసే అందం. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. అతని నాలుక చాపించి చూసి, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది.

"నాలుక నీలంగా ఉంది. రక్తం నిలిచిపోయింది," అంది.

ఆ చెయ్యి వదలకపోతే బాగుండుననిపించి అతనికి సిగ్గేసింది.

గుమ్మంలో ముఠా బాస్ నిలబడి చూస్తున్నాడు. ఆమె పొట్లం అందించింది. "వేడినీళ్లలో కలుపుకోండి. తియ్యగా ఉంటుంది."

తీపి అంటే విషం. అదీ కోడ్! అంటే బాస్ తనని పసిగట్టేశాడన్నమాట. ఈ వైద్యంలో చల్లని కాళ్లకు శుద్ధి చేసిన వసనాభి వేరు వాడతారు. శుద్ధి చెయ్యనిదైతే గుండె ఆగిపోతుంది.

పొట్లం గదిలో బల్లమీద పెట్టి, డాబా ఎక్కి వాచీ ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. "సాక్ష్యం దొరికింది. రైడ్ చెయ్యండి."

దిగివచ్చేసరికి బల్ల ఖాళీ.

వరండాలో కూర్మమ్మ గ్లాసు ఊదుకుంటోంది. "నాకూ కాళ్లు తిమ్మిరెక్కిపోతన్నాయి కదా బాబూ. సగం నీకు ఉంచాన్లే." ఆ వీధిలో ఒకరి మందు ఇంకొకరు వేసుకోవడం మామూలే. గ్లాసు పెదవులకు తగిలింది.

ఒక్క గెంతులో వచ్చి గ్లాసు ఎగరగొట్టాడు. "మింగావా? చెప్పు!"

"ఎక్కడ తాగనిచ్చావురా? సిటికెడు మందుకి ముసల్దాన్ని కొట్టడానికొస్తావేటి?"

ఆవిడ చేతులు తనే కడిగాడు. కాళ్ల మీద పడి అంతా చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. మిగిలిన సగం పొట్లంతో ముఠా మొత్తం దొరికిపోయింది.

సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే కూర్మమ్మ పక్కింటి లక్ష్మణమ్మతో గట్టిగా అంటోంది. "నాలుగు నెల్లు కూరలెట్టాను. సిటికెడు మందు తాగనివ్వలేదు, సూడు ఈడి బుద్ధి!"

అతను తల దించుకుని బస్సెక్కి, చీఫ్‌కి రిపోర్టు పంపాడు: "రహస్యం పొక్కలేదు. ఊళ్లో నన్ను పిసినారనే నమ్ముతున్నారు."