ఆకు ఉంది, ఆకు లేదు

మా ఊరు మోతెలో ఏ పూట ఎవరింట్లో ఏం కూరో నేను వాసన చూసి చెప్పగలను. కానీ అడవిలో ఏ చెట్టుకు ఆకుందో తెలుసుకోవడానికి ఆకాశంలోంచి ఫొటోలు తీస్తారని మౌనిక వచ్చాకే తెలిసింది. కోదాడ పిల్ల. అడవి మ్యాపు గీసే కాంట్రాక్టు కొలువు. నీళ్ల క్యాను మోయడానికి నన్ను కూలికి పిలిచింది. దారి చూపడానికి పక్క తండా కాశీరాం వచ్చాడు. ఆయనకు అడవంతా తెలుసు, ముఖ్యంగా ఎక్కడ పడుకుంటే ఎవరికీ కనబడమో.

ఏప్రిల్ నెల. ఎండలకు మా అడవి ఆకంతా రాల్చుకొని కట్టెల మోపులా నిలబడుతుంది. మౌనిక ఫోనులో ఉపగ్రహం ఫొటో చూపించింది. అంతా మట్టి రంగు. గుట్ట వెనక ఒక్కచోట మాత్రం, చేనంత మేర పచ్చగా ఉంది.

"సర్పంచ్ పెట్టిన మొక్కలేమో," అన్నాను. "కాదులే. అవి కాగితంల తప్ప యాడ పెరగలే."

ఆ పిల్ల నవ్వలేదు. "నవ్వులాట కాదక్కా. ఈ పచ్చ సంగతి ఇయ్యాల తేలకపోతే మ్యాపు వాపసొస్తది. నా కొలువు ఖతం."

నాలుగు గంటలకు అక్కడికి చేరాం. పచ్చ లేదు. అన్నీ మోడులే. కాలు వేస్తే ఎండుటాకులు పటపటమన్నాయి. గాలి లేదు. కానీ ఎక్కడి నుంచో వాన పడిన మట్టి వాసన వస్తోంది.

వాళ్ల పని ఇలా ఉంటుంది. మౌనిక ఒకచోట నిలబడి కొలత టేపు డబ్బా పట్టుకుంటుంది. కాశీరాం కొస పట్టుకొని ముందుకు నడుస్తూ, దారిలోని ప్రతి చెట్టు పేరూ, దానికి ఆకు ఉందో లేదో కేకేస్తాడు. తప్పు రాకుండా మౌనిక ఆ మాటే తిరిగి పలికి, రాసుకుంటుంది.

కాశీరాం పొదల చాటుకు వెళ్లాడు. టేపు బిగిసింది.

"మోదుగ. ఆకు ఉంది."

"మోదుగ. ఆకు ఉంది," అంది మౌనిక, రాస్తూ.

"తునికి. ఆకు ఉంది."

"తునికి. ఆకు ఉంది."

నేను తలెత్తి చూశాను. ఒక్క కొమ్మకూ ఆకు లేదు.

"ఇంటికి పోయే తొందరల నోటికొచ్చింది చెప్తున్నడు పిల్లా," అన్నాను. ఆమె వినలేదు. కేక వెంట కేక... చెట్టు వెంట చెట్టు... పన్నెండు అయ్యాయి. ఆ గొంతు ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు.

అప్పుడు మా వెనక నుంచి బీడీ వాసన వచ్చింది.

"ఏందమ్మా, నేను చెప్పకముందే రాస్తున్నవ్?"

కాశీరాం. మేం వచ్చిన బాట మీద నిలబడి ఉన్నాడు.

"టేపేది?" అన్నాను.

"చెట్టుకు కట్టిన. జర బీడీ తాగొద్దామని ఇట్ల తిరిగొచ్చిన..."

మౌనిక చేతిలో టేపు కదిలింది. అవతల ఎవరో సర్ది పట్టుకున్నట్టు...

"నల్లమద్ది. ఆకు ఉంది."

కాశీరాం గొంతే. కాశీరాం మాత్రం మా పక్కనే, నోరు తెరుచుకొని నిలబడ్డాడు. బీడీ కింద పడింది.

తర్వాత... ఇంకాస్త దగ్గరగా...

"మౌనిక. ఆకు లేదు."

తిరిగి పలికే అలవాటు పాడుగాను. పిల్ల పెదవులు విడివడ్డాయి. నేను ఆమె నోరు గట్టిగా మూశాను.

"అనకు బిడ్డా," అన్నాను గుసగుసగా. "అనకు..."

నా అరచేతి కింద ఆమె పెదవులు కదల్లేదు. అయినా ఆమె గొంతు వినిపించింది. టేపు అవతలి కొస నుంచి.

"మౌనిక. ఆకు లేదు."

టేపు అక్కడే పడేసి పరుగెత్తాం. మోకాళ్ల నొప్పులని ఏడాదిగా చేను ముఖం చూడని కాశీరాం అందరికన్నా ముందున్నాడు.

రాసుకున్న చెట్ల లెక్కను మౌనిక అలాగే పంపేసింది. ఫొటోకూ కాగితానికీ సరిగ్గా సరిపోయిందని పైవాళ్లు మెచ్చుకున్నారట. కొలువు నిలబడింది.

మొన్న కోదాడ పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. గదిలో మేమిద్దరమే. మౌనిక నా ఎదురుగా కూర్చొని, చెంబు నోటికి పెట్టుకొని నీళ్లు తాగుతోంది.

బయట బట్టలు ఉతుకుతున్న తల్లి కేకేసింది. "మౌనికా!"

"ఆఁ... వస్తున్న." మౌనిక గొంతే.

తల్లి మళ్లీ పిలవలేదు. జవాబు అందింది కదా.

మౌనిక ఇంకా నీళ్లు తాగుతూనే ఉంది.