గడప దాటిన మాట

ఉదయభానుడు తూరుపు కొండల మీదికి ఎగబాకేసరికి గండ్రదుర్గం చుట్టూ శత్రువుల గుడారాలు కనుచూపు మేర తెల్లగా విచ్చుకొని, ఎవరో మల్లెతోట వేశారా అన్నంత అందంగా కనబడుతున్నాయి. ముట్టడి మొదలై నాలుగు నెలలు. ఏడు ప్రాకారాల ఆ మహాదుర్గం ఇంకా తల వంచలేదు. కానీ తాగునీటికి మిగిలింది కొండరాతిలో ఊరే ఒక్క దొన మాత్రమే. ఆ దొన దగ్గరే కోట రెండుగా చీలిపోయింది.

బురుజు మీద నిలిచిన సేనాపతి కాచనాయకుడు శత్రువుల వంక చూడనే లేదు. ఆయన దిగులంతా కోట రెండు ద్వారాల మీదే. తూర్పు ద్వారం కాచే దామన, పడమటి ద్వారం కాచే ముప్పన, ఇద్దరూ ఆయన దగ్గర కత్తి పట్టడం నేర్చినవాళ్లే. పది రోజుల కిందట నీళ్ల వంతు కాడ తోపులాటలో ముప్పన బంటు తోసిన తోపుకు దామన తమ్ముడు బండ మీద పడి ప్రాణం విడిచాడు. ఆనాటి నుంచి ఒక ద్వారానికి ఆపద వస్తే రెండో ద్వారం బంట్లు కదలడం లేదు. ఈ సంగతి బయటివాడికి తెలిసిందా, కోట ఒక్క పూట ఆగదు.

"తగవును ధర్మాసనానికి రానివ్వండి, తప్పెవరిదో తేలిపోతుంది" అన్నాడు కొలువులో మహామంత్రి సింగనామాత్యుడు.

"తేలాక ఓడినవాడు ఏ మనసుతో ద్వారం కాస్తాడు, మంత్రివర్యా? నన్ను వాళ్లతో కూర్చోనివ్వండి" అన్నాడు కాచనాయకుడు.

పద్దెనిమిదేళ్లు నిండని రాజు వీరనృపతి, తన మేనమామ అయిన సేనాపతి మొహం చూసి రెండు రోజుల గడువిచ్చాడు.

ఆయుధశాలలో చాప పరిచి, ఇద్దరి కత్తులూ బయట పెట్టించి కాచనాయకుడు చెప్పాడు: "నేనిక్కడ తీర్పరిని కాను. ఇక్కడి మాట ఈ గడప దాటదు, నాదీ పూచీ. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవద్దు. ఎదుటివాడి బాధ చెప్పండి. అతను 'అవును' అనేదాకా చెప్పండి."

"వీడికేం బాధ దొరా!" దామన పెదవి విరిచాడు. "మీసానికి నూనె అయిపోయిందేమో!"

"కోటలో అన్నిటికీ కరువొచ్చిందిగానీ నీ నోటికి రాలేదోయ్" అన్నాడు ముప్పన.

మొదటి రోజు అలాగే గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి దామన గొంతు ఎందుకో తగ్గింది. "వీడి గుర్రాలు పద్నాలుగు దప్పికతో కూలిపోయాయి దొరా. ఒక్కోదానికీ వీడే పేరు పెట్టుకున్నాడు. కళ్లు మూసిందీ వీడే. అది చూసి మేము గోడ మీద నిలబడి నవ్వాం."

"అవును" అన్నాడు ముప్పన తల దించుకొని. ఇక అతని వంతు. "నీ తమ్ముడు కడవ తెచ్చింది జ్వరంతో పడివున్న మీ అమ్మ కోసం. నేనక్కడే ఉన్నాను దామనా. నావాడు తోస్తుంటే ఆపగలిగీ ఆపలేదు. ఆ తప్పు నాదే."

దామన పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చి, ఏడుపులోనే "అవును" అన్నాడు. తెల్లవారగానే సైనికులందరి ముందూ ప్రమాణం చేసి, రెండు ద్వారాలకూ ఇరువైపుల బంట్లనూ కలిపి నిలపాలని ఒప్పుకున్నారు.

కాచనాయకుడి గుండె పొంగిపోయింది. ఆ పొంగులోనే ఒళ్లు మరచి కొలువుకు పరుగెత్తాడు. "ప్రభూ! ముప్పన తన తప్పు తానే ఒప్పుకున్నాడు! దామన కరిగిపోయాడు!"

పక్కనే ఉన్న సింగనామాత్యుడు "శుభం, శుభం" అని చిన్నగా నవ్వాడు. తన మేనల్లుడు బొల్లనకు పడమటి ద్వారం ఇప్పించాలని ఆయన ఎన్నాళ్లుగానో కాచుక్కూర్చున్నాడు.

మరునాడు ప్రమాణానికి బదులు ధర్మాసనం కొలువుతీరింది.

"దేవరా! హత్య జరిగినది. దోషి స్వయంగా ఒప్పుకొన్నాడు. విన్నది సాక్షాత్తు సేనాపతి. ఇక విచారణ దేనికి?" మంత్రి ఇటు తిరిగాడు. "నిన్న ఆ మాట తామే సెలవిచ్చారు గదా, కాచనాయకా?"

ఏలినవారి ముందు ఏనాడూ అబద్ధమాడని కాచనాయకుడు అవునని తల వంచాడు. దామనే ముందుకు ఉరికాడు. "నేను ఫిర్యాదు చేయలేదు ప్రభూ! మాలో మేము తేల్చుకున్నాం!"

"అపరాధము రాజశాసనం పట్ల జరిగినది. క్షమించడానికి నీవెవడవు?" అన్నాడు మంత్రి.

రాజు ముద్ర వేశాడు. ముప్పనకు సంకెళ్లు. పడమటి ద్వారం బొల్లనకు. నడిపించుకుపోతుంటే ముప్పన కోపగించలేదు. "గడప దాటదన్నారు గదా దొరా" అన్నాడు, అంతే.

సాయంత్రం దామన వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. "చెరసాల తెరిపించండి. అతని బంట్లు అన్నం ముట్టడం లేదు. బొల్లన మాట ఒక్కడూ వినడు."

"రాజముద్ర పడిందిరా. దాన్ని దాటడం నాకు చేతకాదు" అన్నాడు కాచనాయకుడు. ఆ మాట అంటున్నప్పుడు తన చేతులు తనవి కానట్టు తోచింది.

మరునాటి ఉదయం పడమటి ద్వారం లోపలినుంచే తెరుచుకుంది. మంత్రీ, బొల్లనా కలిసి కోటను శత్రువులకు ఎప్పుడో అమ్ముకున్నారు. నాయకుడు లేని బంట్లు దిక్కులు చూస్తుండగానే శత్రువుల గుర్రాలు వీధుల్లోకి దూసుకొచ్చాయి, ఇళ్లకు నిప్పంటుకుంది. దామన చెరసాల తలుపు బద్దలుకొట్టి ముప్పనను విడిపించాడు. ఇద్దరూ ఇరుకు సందులో వీపుకు వీపు ఆనించి, ఒకరి పక్క మరొకరు కాస్తూ, పొద్దు నెత్తికెక్కేదాకా పోరాడి ఒక్కచోటే ఒరిగిపోయారు. రాజుకు కాపుగా రాజమందిరం మెట్లను విడిచి కదలడానికి లేని కాచనాయకుడు పైనుంచి అంతా చూస్తూ నిలబడ్డాడు.

లోపల ఒంటరిగా ఉన్న రాజు పొగలోంచి అడిగాడు. "మామా, నేను ధర్మం తప్పలేదు గదా? తప్పు చేసినవాణ్ణేగదా శిక్షించాను?"

తన చేతుల్లో పెరిగిన ఆ పసిమొహం వంక కాచనాయకుడు ఒక్క క్షణం చూశాడు. కింద మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది.

"మీరు తప్పలేదు ప్రభూ. మీ చెవిన పడకూడని మాటను మోసుకొచ్చింది నేను."

అని నమస్కరించి, కత్తి దూసి, ఒక్కడే మెట్లు దిగాడు.