కాలువ బంగళా దొర

రాత్రి తొమ్మిది దాటితే మా ఊళ్ళో ఎవరూ కాలువ బంగళా దారిన రారు. ఆత్మకూరులో ఆలస్యమైతే బస్టాండులోనే పడుకుంటారు గానీ అటు అడుగు పెట్టరు. నూరేళ్ళ కిందట కాలువ తవ్వించడానికొచ్చిన ఇంగ్లీషు ఇంజనీరు దొర ఆ బంగళాలోనే జ్వరమొచ్చి చనిపోయాడు. పోయినవాడు ఊరికే పోలేదు...

ఈయన పీక పిసకడు, రక్తం తాగడు. బండి ఆపి కార్న్‌వాల్‌కు రమ్మంటాడు.

అది ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉండే జిల్లా, దొర సొంత గడ్డ. పొద్దున సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నడిచిపోయి దీవి మీది కోట చూడాలట. మధ్యాహ్నం మాంసం, ఆలుగడ్డ కూరిన పెద్ద కజ్జికాయ తినాలట. సాయంత్రం లైట్‌హౌసు, రాళ్ళ మీద పడుకునే మీసాల సీల్ జంతువులు. ఆ తర్వాత టీ, బన్ను. బన్ను మీద ముందు జామ్, ఆ పైన మీగడ — తిరగేసి పూస్తే దొర ఒప్పుకోడు. అంతా చెప్పి, ఏ నెలలో వస్తావంటాడు. నెల చెప్పేదాకా బండి స్టార్టు కాదు.

ఒకసారి అటు చిక్కిన మావాళ్ళు చెప్పేశారు. ఈరప్ప జూన్ అన్నాడు. వరమ్మ చేన్లో వేరుశనగ బుడ్డలు పెరికినాక వస్తానంది. సముద్రం మొహం చూడని ఊరు సగానికి సగం కార్న్‌వాల్‌కు మాటిచ్చి కూర్చుంది. గొర్రెలు కాసే సుంకప్పనడిగినా జామ్ సంగతి చెబుతాడు.

బాలస్వామి మాత్రం అబద్ధం చెప్పడు. పాస్టరు రాని ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఈ నిజాయితీతో ఊరికి శానా ఇబ్బంది.

మొన్న చలికాలంలో ఒక రాత్రి ఆయన భార్య కృపమణికి ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆయాసానికి పీల్చే మందు పంపు అయిపోయింది. పక్కింటి రామసుబ్బమ్మను తోడుంచి, ఆత్మకూరులో మందుల షాపాయన్ను లేపి, కొత్త పంపు తీసుకున్నాడు. చుట్టుదారిలో వస్తే ఇంకో అరగంట. కృపమణి అంతసేపు ఆగే స్థితిలో లేదు. బంగళా దారే పట్టాడు.

గేటు ముందు... బండి ఆగింది.

గాలి చల్లబడింది. ఆ ఎండిన నేల మీద — ఉప్పునీళ్ళ వాసన.

“ప్రొద్దున... సముద్రము వెనుకకు పోవును...”

బాలస్వామి అంతా విన్నాడు. కోట, కజ్జికాయ, జామ్, మీగడ.

“ఏ నెలలో... వచ్చెదవు?”

“రాలేను దొరా. నాకు పాస్‌పోర్టే లేదు.”

కిక్కు కొట్టాడు. కదల్లేదు. జేబులో పంపు, ఇంట్లో ఆమె. జూన్ అంటే చాలు. నోరు తెరిచాడు — ఆ మాట రాలేదు. ఏడుపొచ్చింది.

“మా ఇంటామె ఊపిరాడక కొట్టుకుంటాండాది దొరా. నన్ను వదులు.”

“ప్రొద్దున... సముద్రము...”

అప్పుడు మనవాళ్ళంతా చేసే పనే ఆయనా చేశాడు. ఎవరైనా పిలిస్తే రానని ఊరుకోలేం కదా, పిలిచినవాళ్ళనే తిరిగి పిలుస్తాం.

“ఇంత ఆశగా పిలుస్తాండావు. నేను రాలేను గానీ, నువ్వే మా ఇంటికి రా దొరా. రొట్టె తిని పోదువు.”

గొంతు ఆగింది. నూరేళ్ళలో దొరను ఎవరూ పిలిచినట్టు లేదు.

బండి స్టార్టయింది. వెనక సీటు... ఏదో బరువుకు మెల్లగా కిందికి దిగింది.

ఇంట్లో కృపమణి పంపు రెండుసార్లు పీల్చింది. ఊపిరి తిరిగింది. మొగుడి భుజం మీదుగా చూసి, “ఆయప్పను నిలబెట్టినావేంది? కూర్చోమను,” అంది.

ఇదంతా మొన్న సాయంత్రం బాలస్వామి తన వసారాలో కూర్చుని నాకు చెప్పాడు. మరి దొర ఏమయ్యాడని ఎగతాళిగా అడిగాను.

“యాడికి పోతాడప్పా? పోతానన్నప్పుడల్లా, ఇంకో రెండు దినాలుండి పొమ్మంటాది మా ఇంటామె.”

నవ్వుకుంటూ లేచాను. చీకటి పడింది. వసారాలో కుర్చీలు మూడు, మనుషులం ఇద్దరం. మూడో కుర్చీ ముందు పళ్ళెంలో జొన్నరొట్టె. దాని మీద ముందు ఊరిబిండి పచ్చడి — ఆ పైన మీగడ.

వాకిట్లో కిక్కు కొట్టాను. బండి కదల్లేదు. మూడో కుర్చీలోంచి, ఉప్పునీళ్ళ వాసనతో ఒక గొంతు.

“ఏమప్పా... గండికోట చూసినావా? తెల్లారి పెన్న మీద ఎండ పడేటప్పుడు చూడల్ల. ఎప్పుడు పోతాండావు?”

నేను బాలస్వామిని కాను. “ఈ శనివారం,” అనగానే బండి స్టార్టయింది; ఒకటే పరుగున ఇంటికొచ్చి పడ్డాను.

ఈరోజు శనివారం. ఇంకా తెల్లారలేదు. వాకిట్లో నా బండి దానంతటదే స్టార్టయింది. కిటికీలోంచి చూశాను... వెనక సీటు కిందికి దిగి ఉంది.