అప్‌లోడ్ ఎవరు తినేస్తున్నట్టు?

ఉదయం తొమ్మిదిన్నరకు కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, నోరు గుండ్రంగా తిప్పి "కో... కో..." అని పలికింది. నత్తి ఉన్న పిల్లలకు ఆన్‌లైన్‌లో మాటలు నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె గొంతు ఏడేళ్ల పాపకు చేరడానికి రెండు మూడు సెకన్లు పట్టింది. పాప పలికేసరికి ఆమె మళ్ళీ పలుకుతోంది. రెండు గొంతులూ ఒకదాన్నొకటి తొక్కేసుకున్నాయి. తప్పు తనదేననుకుని పాప తల దించేసుకుంది.

"ఇది నాలుగోసారి మేడమ్," అంది పాప తల్లి. "దానికసలే భయం. వేరే టీచర్‌ని చూసుకుంటాం, ఏమీ అనుకోకండి."

ఈ వారంలో నెట్ బాగుచేయించుకోకపోతే క్లాసులన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని ఆమెకి జీతమిచ్చే సెంటర్ వాళ్ళు నిన్ననే చెప్పారు. కోడలు రూటర్‌ని ఆపి వెలిగించింది, బీరువా మీదికి మార్చింది, కొత్త వైరు కొంది. ఏం చేసినా ఎక్కడి గొంగళి అక్కడే. భర్త ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. పక్క గదిలో పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారు, ఆమె మంచం పక్కనే మామగారు. ఎనిమిది నెలలుగా ఇంటి తీరు ఇదే.

పదకొండింటికి నెట్ మెకానిక్ వచ్చాడు. బట్టతల, నోటినిండా మాటలు.

"మీ లైను గంగిగోవమ్మా, దాన్ని తిట్టకండి. ఇంట్లోంచి బయటికెళ్ళే దారి, అదే అప్‌లోడ్, అదే ఇరుకు. అందులో ఎవరో పగలూ రాత్రీ బండి తోలుతున్నారు. మీ మాట దాని వెనక హారన్ కొట్టుకుంటూ నిలబడుతోంది."

"ఉన్నవి రెండు ఫోన్లు, ఈ ల్యాప్‌టాపే కదండీ!"

"నాలుగోది కూడా ఉందమ్మా," అన్నాడతను రూటర్ లెక్క చూసి.

మూడింటినీ ఆపేశారు. ఆలస్యం తగ్గలేదు. "మంచినీళ్ళు తాగుతారా?" అని మామగారు మెకానిక్‌ని మూడోసారి అడిగారు. అతను వెతుక్కుంటూ అత్తగారి గదిలోకి వెళ్ళాడు. మందుల అరలో, దోమల మిషన్ అని మామగారు చెప్పిన తెల్లటి డబ్బా దగ్గర ఆగాడు.

"కెమెరా అమ్మా," అని, కోడలి ముఖం చూసి, "బయట వైరు చూసొస్తా," అంటూ జారుకున్నాడు.

"ఎవరు పెట్టారు మామయ్యా?"

"అమ్మాయి... పోయిన నెల వచ్చినప్పుడు."

"మీకు తెలుసన్నమాట! పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, ముద్ద ముద్దా తినిపిస్తుంటే, దొంగని చూసినట్టు చూశారా నన్ను?"

ఆమె ఆడపడుచుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. దూరాన ఓ ఆసుపత్రిలో నర్సు ఆ పిల్ల. ఫోన్ ఎత్తుతూనే, "వదినా, అమ్మకేమైంది?" అంది.

"మీ అమ్మకేం కాలేదు. నీ కెమెరా వల్ల నా ఉద్యోగమే పోయేలా ఉంది. నా మీద నిఘా పెట్టడానికి నీకు మనసెలా వచ్చింది?"

"అబద్ధం చెప్పను వదినా. మొదటి వారం నిన్ను చూడ్డానికే పెట్టాను. మా వార్డుకి ఒక పెద్దావిడ వీపంతా పుళ్ళతో వచ్చింది. నా బుర్ర చెడింది. తర్వాత అమ్మ కోసమే. మొన్న మంగళవారం అమ్మ నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచింది. అందలేదు. నాన్న కునుకు తీస్తున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నువ్వూ ఎత్తలేదు. నలభై నిమిషాలు వదినా... అమ్మ చెయ్యి చాస్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను."

కోడలు మంచం అంచున కూలబడింది. ఆ నలభై నిమిషాలూ తను గోడకవతలే ఉంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరి బిడ్డకో మాట నేర్పుతోంది.

"తర్వాతైనా చెప్పలేదేం?"

"చెప్తే కెమెరా సంగతి బయటపడుతుంది కదా. సిగ్గేసింది."

"నిద్రపోయింది నేనమ్మా," అంటూ మామగారు ముఖం కండువాలో దాచుకున్నారు. అత్తగారు ముగ్గురి మాటలూ వింటూ, కళ్ళు మాత్రం ఇటూ అటూ తిప్పుతోంది.

"పీకేయ్ వదినా. నీ పని పోకూడదు."

కోడలు ప్లగ్గు మీద చెయ్యి వేసింది కానీ పీకలేకపోయింది. వాకిట్లో ఉన్న మెకానిక్‌ని పిలిచింది.

"దీన్ని ఆపకుండా, దీని దారి కొంచెం తగ్గించగలరా?"

"రూటర్‌లో తగ్గించొచ్చమ్మా. కానీ బొమ్మ మసకబారుతుంది. ముఖం ఆనవాలు తెలీదు."

ఫోన్‌లోంచి ఆడపడుచు అడిగింది: "చెయ్యి కదిలితే తెలుస్తుందా?"

"తెలుస్తుందమ్మా."

"అయితే చాలు."

అతను రూటర్ సరిచేసి వెళ్ళాక కోడలు కళ్ళు తుడుచుకుంది. "మామయ్యా, నా బల్ల ఆ చివర పట్టుకోండి," అంది. ఇద్దరూ కలిసి బల్లను అత్తగారి మంచం పక్కకు చేర్చారు. మధ్యాహ్నం క్లాసులో మాట మాటకు సరిగ్గా అందింది. ఆమె ఒక చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకునే "కో... కో..." అని పలికింది. అత్తగారి పెదవులు కదల్లేదు.

క్లాసు అవగానే ఫోన్ మోగింది.

"వదినా, మంచం దగ్గర రెండు మసకలు కనిపిస్తున్నాయి. ఒకటి అమ్మ. రెండోది నువ్వేనా?"

"నేనేనే," అంది కోడలు, అత్తగారి చెయ్యి వదలకుండా.