టీచరమ్మ ఆఖరి సంచీ

"ఆ గ్లాసు కింద పెట్టండి!"

నా జీవితాన్ని తలకిందులు చేసిన అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది.

నేనేం నేరం చేశానో నాకు అర్థం కాలేదు. పోషకాహార క్లినిక్‌లో ఫార్మసిస్టుగా నాకది మొదటి రోజు. మంచం మీదున్న పెద్దావిడ "దాహంగా ఉంది బాబూ" అంది. పక్కనే జగ్గు ఉంది. గ్లాసు నింపి ఇచ్చాను. మనిషన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు కదా!

"ఉత్త నీళ్లా?" తలుపు దగ్గర ఫైలు పట్టుకుని డైటీషియన్ నిప్పులు కక్కుతోంది. "ఆవిడకి చిన్నపేగు ఎంత మిగిలిందో తెలుసా? తొంభై సెంటీమీటర్లు. మీకూ నాకూ మీటర్లకి మీటర్లుంటుంది. ఉత్త నీళ్లు తాగితే ఒంట్లో ఉన్న ఉప్పుని కూడా వెంటేసుకుని బయటికి పోతాయి. తాగేకొద్దీ మనిషి ఎండిపోతుంది."

"సారీ అండీ, నేను కొత్త..."

"ఉప్పూ చక్కెరా కొలిచి కలిపిన నీళ్లే ఇవ్వాలి. అవీ గుక్క గుక్కగా. బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసుంది. చదవడం వచ్చుగా?"

"వచ్చండీ" అన్నాను బుద్ధిమంతుడిలా.

పెద్దావిడ పకపకా నవ్వింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఆవిడ. పేగుకి రక్తం అందక పాడైతే, ఆపరేషన్ చేసి చాలా భాగం తీసేశారు. తిన్నది ఒంటబట్టదు. అందుకని రోజూ రాత్రి ఇంట్లోనే పన్నెండు గంటలపాటు, ఛాతీ దగ్గరున్న ట్యూబు ద్వారా ఆహారాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కించుకోవాలి. ఆ ఆహారపు సంచీ లెక్కగట్టి కలిపేది నేను. నోటితో తినే తిండి సంగతి చూసేది ఆ అమ్మాయి. టీచరమ్మ ఆ రోజే మా ఇద్దరికీ పేర్లు పెట్టేసింది. నేను సంచీ, ఆ అమ్మాయి స్పూను.

ప్రతి గురువారం టీచరమ్మ క్లినిక్‌కి వచ్చి, బరువూ మూత్రం కొలతా రాసుకున్న నోటుబుక్కు మా ముందు పెట్టేది. మేం ఆవిడ ఎదుటే కీచులాడుకునేవాళ్లం.

"సంచీ వారానికి ఏడు రాత్రుల నుంచి ఐదుకి తగ్గిద్దాం. గుడ్డూ, బంగాళదుంపా బాగా ఇముడుతున్నాయి" అనేది స్పూను.

"అంత తొందరేంటండీ? సోడియం చూశారా?"

"ఆ సంచీ మీద మీకంత మమకారమైతే ఇంటికి పట్టుకెళ్లి జోకొట్టుకోండి."

"మీకేం, స్పూనుతో కొలుచుకుంటూ పోతే లోకమంతా బాగానే కనిపిస్తుంది!"

కోపమొస్తే ఆమె కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. అది చూడటం కోసం నేను జింకు గురించి అక్కర్లేని ప్రశ్నలు కూడా అడిగేవాణ్ణి. అలా ఏడు ఐదైంది, ఐదు మూడైంది. ఆ లెక్కల మధ్య ఎక్కడో నేను పీకల్లోతు ప్రేమలో పడిపోయాను.

మూడు కాస్తా ఒకటైన రోజున నాకు చెమటలు పట్టాయి. ఇంట్లో సంచీ పెట్టుకునే పేషెంటు మా క్లినిక్‌లో టీచరమ్మ ఒక్కతే. ఆ ఒక్కటీ ఆగిపోతే గురువారం మీటింగులో నాకేం పని? కింద మందుల గదిలో నేను, పై అంతస్తులో ఆమె. ఆవిడ బాగుపడాలని కోరుకునేదీ నేనే, అది ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే బాగుండునని కోరుకునేదీ నేనే. నా మీద నాకే సిగ్గేసింది.

ఆ గురువారం రానే వచ్చింది. బరువు నిలకడగా ఉంది. రక్తపరీక్షలు బాగున్నాయి.

"ఏమంటారు? ఆపేద్దామా?" అన్నారు డాక్టరుగారు.

"నేను బోర్లా పడుకుని ఏడాదైంది బాబూ. ట్యూబు ఒత్తుకుంటుందని భయం" అంది టీచరమ్మ నా వంక చూస్తూ.

ఇంక ఆ మాట విన్నాక ఏం చెయ్యను? "ఆపేద్దాం సార్" అన్నాను.

"ఇంకో నెల ఉంచుదాం!"

అన్నది ఎవరనుకున్నారు? స్పూను! ఏడు నెలలుగా తగ్గించండి, తగ్గించండి అని నా ప్రాణం తీసిన మనిషి.

"కారణం?" అన్నారు డాక్టరుగారు.

"అంటే... బయట వర్షాలు పడుతున్నాయి కదా సార్."

"పేగులో పడట్లేదుగా?"

ఇంతలో ఫోనొచ్చి ఆయన బయటికి వెళ్లారు. స్పూను గిర్రున నా వైపు తిరిగింది. "మీకెందుకంత తొందర? వదిలించుకుందామనా?"

"ఎవర్ని?"

"టీచరమ్మనే... ఇంకెవర్ని!"

"మరి మీకెందుకింత జంకు?"

టీచరమ్మ నోటుబుక్కుతో బల్ల మీద ఠపీమని కొట్టింది. "నోళ్లు ముయ్యండి ఇద్దరూ! నేను బాగుపడ్డానని ఒకరు దిగాలు, బాగుపడిపోతానేమోనని ఇంకొకరు దిగాలు. ముప్పై ఏళ్లు పిల్లల మొహాలు చదివినదాన్ని, నాకు తెలీదా? నా ఒంట్లో మిగిలిందే తొంభై సెంటీమీటర్లు. దాని మీద మీరిద్దరూ కాపురం పెడతారా?"

స్పూను మొహం కందిపోయింది. తర్వాత కళ్లు నిండాయి.

"తప్పు నాదే టీచర్. అంకెలు చూడకుండా మాట్లాడాను."

పెన్ను తీసి ఫైల్లో రాసింది: సంచీ ఆపవచ్చు, నాలుగు వారాలు బరువు చూసి ట్యూబు తీయవచ్చు. కింద సంతకం పెట్టింది. పక్కన నేనూ పెట్టాను.

ఆ నాలుగు వారాలూ మేం పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. మనసులో మాట బయటపెడితే మళ్లీ ఎక్కడ లెక్క తప్పుతామోనని భయం. మొదటి వారం టీచరమ్మ అరకిలో తగ్గింది. నాకు తిండి సయించలేదు. రెండో వారం తగ్గలేదు. నాలుగో వారానికి పోయిన అరకిలో తిరిగొచ్చింది. ట్యూబు తీసేశారు.

ఆ సాయంత్రం ఒకటే వాన. పోర్టికోలో స్పూను నిలబడి ఉంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు.

"ఇక మనకి పేషెంటు అడ్డం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను" అన్నాను, ఒక్క ఊపిరిలో. "మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. మీతో పోట్లాడటానికి ముందురోజే అద్దం ముందు ప్రాక్టీసు చేసేవాణ్ణి."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "నేను ఇంకా అన్యాయం. ఇంట్లో రోజూ భోజనాల దగ్గర మిమ్మల్ని తిట్టేదాన్ని. విని విని మా అమ్మ నిన్న ఒక మాటంది."

"ఏమన్నారు?"

"ఇష్టం లేనివాణ్ణి ఎవరూ ఇన్ని నెలలు తిట్టరే పిచ్చిదానా, ఓసారి ఇంటికి తీసుకురా, నేనూ తిట్టి చూస్తాను అంది."

"ఎప్పుడు రమ్మన్నారు?"

"మీకు తీరికున్నప్పుడు."

"నాకిప్పుడు బోలెడు తీరిక!"

అది ఒక్కరికి సరిపోయే గొడుగు. ఇద్దరం చెరో సగం తడుస్తూ బస్టాపుకి చేరాం. వచ్చిన బస్సు ఎక్కలేదు. దాని వెనకొచ్చిందీ ఎక్కలేదు. మూడోదాంట్లో, కండక్టరు గదమాయిస్తే ఎక్కాం.

తలుపు తీసిన వాళ్లమ్మ, నీళ్లోడుతున్న నన్ను ఎగాదిగా చూసింది.

"ఇతనా? ఇంత మెత్తగా ఉన్నాడు పాపం! ఎందుకే అన్ని తిట్లు తిట్టావు?"

"అలవాటైపోయిందమ్మా, ఇక మానలేను" అంది స్పూను, నా చెయ్యి వదలకుండా.