గుండుసూది కింది కాగితం

కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఆ సందు పొద్దున్న ఏడింటికల్లా కుట్టుమిషన్ల మోతతో లేస్తుంది. మిషన్లు మొదలవకపోతే ఇంకా తెల్లారలేదేమో అనుకునే మనిషి దాలమ్మ. ఆ రోజూ ఎప్పటిలాగే టీ కాచి, మొగుడి ముందు గ్లాసూ మరమరాల గిన్నే పెట్టి, మనవరాలి డబ్బాలో అన్నం సర్దుతోంది. కోడలు సత్యవేణి అప్పటికే ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. కొడుకు జగన్మోహన్ గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"తాతా, నీకో మంచి కబురు. నీ కార్డు దొరికింది," అంది పూజిత జడ వేసుకుంటూ.

"ఏ కార్డే? రేషన్ కార్డు బీరువాలోనే ఉన్నాది కదా," అన్నాడు కూర్మయ్య.

"అది కాదు. కంపెనీలో నీ సర్వీసు కార్డు."

హాల్డేన్ మల్లిక్ కంపెనీ అంటే ఆ ఇంట్లో దేవుడి పేరెంతో అంత. ఆ కంపెనీ తరఫున కూర్మయ్య ముప్ఫై ఎనిమిదేళ్ళు ఓడల్లోకి మూటలు మోశాడు. ఇప్పుడు దాని ఆఫీసు సాల్ట్ లేక్‌కి మారింది. నూరేళ్ళకి పైబడిన పాత కాగితాలన్నీ గోదాముల్లోంచి తీయించి భద్రపరుస్తున్నారు. ఆరు నెలల కిందట ఆ పనిలోనే పూజిత చేరింది. కుంచెతో దుమ్ము దులపాలి, తుప్పు పట్టిన గుండుసూదులు కాగితం చిరక్కుండా ఊడదీయాలి, స్కాన్ చెయ్యాలి. తాత పనిచేసిన కంపెనీ అని పిల్లకి మహా సంబరం.

"శుక్రవారం ఆ కాయితాలు జనానికి చూపిస్తారు. బతికున్న పాత కూలీల్ని పిలుస్తారు. మా ఇన్‌చార్జి సమీర మేడమ్ నీ పేరే ముందు రాసింది తాతా. కార్డు మీద నీ వేలిముద్ర ఉంది కదా, దాని పక్కనే నీ చేత ఇంకో ముద్ర వేయిస్తారట."

కూర్మయ్య చేతిలో గ్లాసు జారి టీ అంతా లుంగీ మీద ఒలికింది. జగన్మోహన్ గడ్డం మీద కత్తి గీసుకుని రక్తం వచ్చింది. దాలమ్మ గరిటె కింద పెట్టి, "సెయ్యి కాలిందేటి?" అని గబగబా గుడ్డ తెచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకూడదని ఆ ఇంటికి తెలుసు. యాభై ఏళ్ళకి పైగా భుజాలు కదపకుండానే కాపరం చేశారు. పూజితకి మాత్రం ఏమీ తెలియదు. బస్సు వేళైందని డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ముసలాయన కుడిచేతి బొటనవేలు పిడికిట్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం ఎడమచేత్తో తిన్నాడు. గ్యాసు బండ మోసుకొచ్చిన మనిషి తలుపు కొడితే లోపలి గదిలోకి పోయి గోడవార నక్కాడు.

సాయంత్రం పూజిత రాగానే జగన్మోహన్ తలుపు గడియ పెట్టాడు.

"ఇలా కూకో," అంది దాలమ్మ. "మీ తాత కూర్మయ్య కాదే."

పూజిత నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేసింది.

"కూర్మయ్య ఈయన అన్న. ముందు ఆ బాబే ఈ ఊరొచ్చి కంపెనీలో సేరినాడు. ఈయన ఊర్నుంచి వచ్చిన మూడు వారాలకే ఆ బాబు పోనాడు. కలరా అన్నారు, మొకం సూపించకుండా గుడ్డలో సుట్టి తెచ్చి కాల్చీసినారు. ఆ మర్నాడే కూలీల పెద్ద సర్దారొచ్చి అన్న నంబరున్న ఇత్తడి బిల్ల ఈయన సేతిలో ఎట్టి, ఇక నుంచి నువ్వే కూర్మయ్యవి, నోరిప్పితే దొంగపేరుతో సేరినందుకు జైలే అన్నాడు."

కడుపు కాలే రోజులు, పంతొమ్మిదేళ్ళ వయసు. బిల్ల పుచ్చుకున్నాడు. ఆ బిల్లతో పాటు భయం కూడా పుచ్చుకున్నాడు. ఊరికి వెళ్తే, ఆ ఊరివాళ్ళు ఎవరైనా రేపు ఓడరేవుకొచ్చి పాత పేరుతో పిలుస్తారేమోనని వెళ్ళడమే మానేశాడు. ఇరుగుపొరుగు అడుగుతారని ఏ ఏడూ అన్నకి ఇంత ముద్ద పెట్టలేదు. మొగుడి పేరు పలకకూడని ఆడది కాబట్టి దాలమ్మ నోరు ఏనాడూ జారలేదు. చిన్నప్పుడు మేనబావని పేరుపెట్టి పిలిచిన పిల్లే. మెడలో పుస్తె పడ్డాక ఆ పేరు ఆమె కడుపులోనే ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు? ఆ కార్డు చూసి ఎంత మురిసిపోయానో తెలుసా?" అంది పూజిత.

"ఇప్పుడు సెప్పినాం కదా. ఆ కార్డు ఇంటికి పట్రా," అన్నాడు జగన్మోహన్. "స్టవ్ మీద ఎట్టీదాం. ఒక్క కార్డు పోతే ఎవుడికి తెలుస్తాది?"

"అది దొంగతనం నాన్నా. నమ్మి నా చేతికిచ్చారు."

"ఏలిముద్రలు కలవపోతే ఏటవుతాదో తెల్సా? పోలీసులు ఇంటికొస్తారు. నీ ఉద్యోగమూ పోతాది, మా నాన్న పింఛనూ పోతాది. అప్పుడు ఎవుడు నమ్మినా ఒకటే."

"తాతకి జబ్బని చెప్తాను. రాడంటాను."

"ఈసారి రాడు. ఆ కార్డు మరి అక్కడే ఉంటాది కదా. రేపు ఇంకెవుడో తీస్తాడు."

అప్పటిదాకా గోడ కేసి చూస్తున్న కూర్మయ్య మెల్లిగా అన్నాడు. "నాను దొంగనేనే గుంటా. అన్న సచ్చిపోతే ఏడవకుండా ఆడి పేరు తొడుక్కున్నాను. ఈ వయసులో సంకెళ్ళేసి ఈ సందులోంచి నడిపించుకెల్తే, మీ మొకాలు ఎలా సూడ్ను?"

తాత కళ్ళలో నీళ్ళు పూజిత పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కార్డు తెస్తానని తలూపింది.

గురువారం ఆఫీసు నుంచి ఇంటికొచ్చే బస్సులో పూజిత కార్డున్న సంచీని కడుపుకి అదుముకుని కూర్చుంది. పక్కసీటావిడ దగ్గితే ఉలిక్కిపడింది. "కీ హోలో?" అంటూ ఏమైందని కండక్టరు అడిగితే కిటికీ వైపు తిరిగింది. సమీర మేడమ్ సాయంత్రం పెట్టె తాళంచెవి ఎప్పటిలాగే తన చేతికే ఇచ్చి వెళ్ళింది. అది గుర్తొచ్చినప్పుడల్లా సంచీని ఇంకా గట్టిగా పట్టుకుంది. తాత ఇన్నేళ్ళూ రోజూ ఇలాగే పనిలోకి వెళ్ళి వచ్చాడా అనుకుంది.

ఇంటికి చేరేసరికి దాలమ్మ స్టవ్ వెలిగించే ఉంచింది. పూజిత అట్టల మధ్యనుంచి కార్డు తీసింది. టీరంగుకి తిరిగిన అట్ట, పైన పేరు, కింద నల్లటి వేలిముద్ర.

"కాల్చీముందు ఓపాలి ముట్టుకోనీ," అన్నాడు కూర్మయ్య. రెండు రోజులుగా ముడిచిన పిడికిలి విప్పి, ఆ ముద్ర మీద వేలు ఆనించాడు. "ఇది మాయన్న ఏలు. ఈ ఏలట్టుకునే హౌరాలో రైలు దిగినాను."

"ఆగు తాతా, పైన సూది ఉంది. తుప్పు సూది, గుచ్చుకుంటుంది."

ఆ పెట్టెలో సూదులు తీసే పని ఇంకా మొదలవలేదు. పైన కనబడేది మాత్రమే స్కాన్ చేశారు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, పూజిత గోటితో అట్టని నొక్కిపట్టి గుండుసూదిని అటూ ఇటూ తిప్పుతూ ఊడదీసింది. వెనక అంటుకుపోయిన సన్నటి కాగితం ఒకటి విడివడింది. నాలుగు మడతలు, లోపల బెంగాలీ రాత. తెలుగు చదవడానికి తడుముకునే పిల్ల, బెంగాలీ బడిలో చదివింది కాబట్టి అది గడగడా చదవగలదు. కానీ రెండు లైన్లు చదివి ఆగిపోయింది.

"ఏటున్నాది?" అన్నాడు జగన్మోహన్.

పూజిత ఒక్కో మాటా తెలుగులోకి మార్చి చెప్పింది. "పద్నాలుగో తారీఖు, జులై, పంతొమ్మిది వందల డెబ్భై. హెడ్‌క్లర్కు రాసింది. రేపు నా మీదికి రాకుండా ఇది రాసి పెడుతున్నాను. ఏడో నంబరు ఓడ అడుగున తాడు తెగి జనపనార మూటలు పడి కూర్మయ్య అక్కడికక్కడే చనిపోయాడు. తాడు పాతదని వాడు ముందురోజే చెప్పాడు. చావు రాస్తే విచారణ వస్తుంది, ఓడ ఆగిపోతుంది. మేనేజరు గారి మాట మీద రాయలేదు. అదే నంబరు మీద వాడి తమ్ముణ్ణి పెట్టాం."

ఆమె కాగితం కిందికి దించింది.

"సెప్పు," అన్నాడు ముసలాయన.

"తమ్ముడు కొత్తవాడు, భాష రాదు. జైలని భయపెట్టి ఉంచాం. వాడు మాట్లాడడు."

స్టవ్ ఒక్కటే మండుతోంది. దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కలరా కాదా?" అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా. "నాను దొంగిలించలేదా?"

"లేదు తాతా. నువ్వు దొంగిలించలేదు. వాళ్ళే దాచేశారు. పెద్దతాతనీ దాచేశారు, నిన్నూ దాచేశారు."

ఆయన కార్డుని గుండెకి అదుముకుని ఏడ్చాడు. అన్న పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది. భయపడి మింగిన ఏడుపు అన్నేళ్ళకి బయటికి వచ్చింది. జగన్మోహన్ లేచి స్టవ్ కట్టేశాడు. చేతులు కడిగినా పోని పాపం ఏదో చెయ్యబోయినట్టు ఆ చేతుల్నే చూసుకుంటూ నిలబడ్డాడు.

"కాల్చకండి," అన్నాడు ముసలాయన ముక్కు చీదుకుని. "మాయన్న సచ్చిపోనాడని లోకంలో ఈ ఒక్క కాయితమే సెప్తన్నాది. అట్టుకెల్లి ఎక్కడిది అక్కడ ఎట్టీమ్మా. అందరూ సూడాల."

"కార్డు ఇంటికి తెచ్చానని చెప్పాలి. ఉద్యోగం పోవచ్చు తాతా."

"భయమేస్తందేటి?"

"వేస్తంది."

"నాకూ ఏస్తంది. సెప్పీ. దాచుకుంటే ఎంత కాలం ఉంటాదో నాకు తెల్సు."

పూజిత అప్పుడే ఫోన్ చేసి జరిగిందంతా సమీరకి చెప్పింది. అంతా విని సమీర అంది. "చాలా పెద్ద తప్పు చేశారు పూజితా. దాని సంగతి రేపు మాట్లాడదాం. ఆ కాగితం మాత్రం మళ్ళీ మడవకండి. మీ తాతగారిని కూడా తీసుకురండి."

మంచికి రమ్మందో చెడుకి రమ్మందో ఎవరికీ అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్న మిషన్లు మొదలవకముందే దాలమ్మ లేచి అన్నం వండింది. అరిటాకు కోసి తెచ్చి, వేడన్నం, పప్పు, చేపల పులుసు వడ్డించింది. పెద్దలకి పెట్టేటప్పుడు పోయినవాళ్ళ పేరు చెప్పాలి, పెట్టేవాళ్ళ పేరూ చెప్పాలి. ఆ రెండు పేర్లూ ఆ ఇంట్లో ఎన్నడూ పైకి అనలేదు. అలవాటు కొద్దీ జగన్మోహన్ తలుపు వెయ్యబోతే ముసలాయన వద్దన్నాడు.

ఆకు ముందు గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు. "అన్నా, కూర్మయ్యా. ఇన్నేల్లూ నీకు ముద్ద ఎట్టలేదు. ఇయ్యాల ఎడతన్నాను. నాను..."

ఆగిపోయాడు. నాలుక తిరగలేదు. ఎన్ని పత్రాల మీద, ఎన్ని గేట్ల దగ్గర, ఎంతమంది అడిగితే కూర్మయ్య అని చెప్పాడో. సొంత పేరు నోటికి రావడం లేదు. రెండుసార్లు పెదాలు కదిపి, భయంగా భార్య వైపు చూశాడు.

దాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తల మీద కొంగు సర్దుకుంది. తెరిచిన తలుపులోంచి సందంతా వినబడేలా అంది.

"కోదండం బావ ఎడతన్నాడు బాబూ. నీ తమ్ముడు కోదండం. తిను."

కోదండం కళ్ళు తుడుచుకుని, పిలిచినందుకు, ఊఁ అన్నాడు.