రొట్టె అడుగున అంటిన చీటీ

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. బడి నుంచి గదికి వచ్చిన మాస్టారు జిగ్మాస్‌కి మంచం కింద చెక్కపెట్టె కనిపించలేదు.

అందులో నగా నట్రా లేవు. ఆరువందల నలభై చీటీలున్నాయి. చీటీకొక లిథువేనియన్ మాట. విల్నియస్‌లో తయారవుతున్న నిఘంటువు కోసం మూడేళ్లు ఊళ్లు తిరిగి, ముసలివాళ్ల నోటి నుంచి ఏరుకున్న మాటలు.

అతని ఫిర్యాదు అంది, రెండున్నరకి ఇన్‌స్పెక్టర్ రాగైసిస్ సైకిల్ దిగాడు. 1949 అక్టోబరు అది, దేశాన్ని ఆక్రమించిన పరాయి సర్కారు రోజులు. యూనిఫాం కనబడితే చాలు, గిరినె ఊళ్లో కిటికీలు మూసుకుంటున్నారు.

"పొద్దున ఇంట్లో ఎవరున్నారు?"

"ఈ ఇంటి యజమానురాలు ఉర్షులె పిన్ని ఒక్కతే. పక్కింటి దొమినికాస్ తొమ్మిదింటికి పాలు ఇచ్చి వెళ్లాడట" అన్నాడు జిగ్మాస్.

దొమినికాస్‌ని పిలిపించారు. వస్తూనే ఎగిరాడు.

"నాకెందుకు సారూ ఆ కాగితాలు? నేను తిట్టిన బూతులు కూడా రాసుకున్నాడు ఈ మహానుభావుడు. కింద నా పేరు! మా ఆవిడ చూస్తే నా గతేంటి?"

"పేరెందుకు రాశావు?" ఇన్‌స్పెక్టర్ మాస్టారి వైపు తిరిగాడు.

"రూల్ అది సార్. ఎవరన్నారు, ఏ ఊరు, ఏ వాక్యంలో అన్నారు, అక్షరం మార్చకుండా రాయాలి."

ఉర్షులె వచ్చినవాళ్లకి పెట్టాలి కదా అని నల్లరొట్టె కోయబోయింది. రొట్టె చేజారి నేల మీద పడింది.

ఇన్‌స్పెక్టర్ వంగి తీశాడు. కింద పడ్డ రొట్టెని ముద్దు పెట్టుకోకుండా బల్ల మీద పెట్టడం ఆ దేశంలో పుట్టినవాడికి చేతకాదు. పెట్టుకున్నాడు.

పెదవులకి కాగితం తగిలింది.

"దొమినికాస్, నువ్వింటికెళ్లు" అన్నాడు. తలుపు వేసి, రొట్టెని బోర్లా తిప్పాడు. అడుగున సగం కాలిన చీటీ.

"పెద్దమ్మా, మీ ఊళ్లో రొట్టెలు శనివారం కాలుస్తారు. ఇవాళెందుకు కాల్చావు? వస ఆకులు పరిచి కదా పొయ్యిలో పెడతారు, ఆకు గీతలేవీ?"

ఉర్షులె కత్తి బల్ల మీద పెట్టేసింది.

"పెట్టె పొయ్యిలో వేశాను బాబూ. పొగ చూసి ఎవరైనా అడుగుతారని పిండి కలిపాను. ఆ కంగారులో ఆకుల మాటే మర్చిపోయాను. నిప్పులు సరిగా ఊడ్చానో లేదో కూడా తెలీదు."

"ఎందుకు పిన్నీ?" అన్నాడు జిగ్మాస్.

"ఆదివారం నువ్వే చదివి వినిపించావుగా, ఎంత మంచి మాట దొరికిందో అని! 'గురువారం గురువారం నా స్టేపాస్‌కి అడవిలోకి రొట్టె మోస్తాను.' కింద నా పేరు. పిండి పిసుకుతూ నోరు జారాను నాయనా."

స్టేపాస్ ఆమె కొడుకు. అడవిలో దాగి ఆ సర్కారు మీద తుపాకీ పట్టినవాడు. జిగ్మాస్‌కి ఆ వాక్యంలో మాట ఒక్కటే కనిపించింది, మనిషి కనిపించలేదు. సిగ్గుతో తల వాల్చేశాడు.

అడవిలోవాళ్లకి అయినవాళ్లని మార్చిలో పదకొండు కుటుంబాలని దేశం దాటించడానికి గూడ్స్ పెట్టెల్లోకి ఎక్కిస్తే కాపలా కాసింది రాగైసిసే.

"సార్... చీటీలన్నిటికీ నకలు ఉంది" అన్నాడు జిగ్మాస్. "నిన్న విల్నియస్‌కి పోస్టులో వేశాను. టపా బండి ఇవాళ నాలుగింటికి."

మూడూ ఇరవై. పోస్టాఫీసు ఐదు కిలోమీటర్లు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకోకు. అదుంటేనే పార్సిల్ సీజ్ చెయ్యగలను" అంటూనే ఇన్‌స్పెక్టర్ సైకిల్ ఎక్కాడు.

ఐదింటికి పార్సిల్‌తో తిరిగొచ్చాడు. "ఆ ఒక్క చీటీ తీసెయ్."

"ఒక్కటి కాదు సార్. ఇంకెవరెవరు ఏం నోరు జారారో! నేను మాటలే చూశాను, మనుషుల్ని చూడలేదు."

పొయ్యి మళ్లీ రాజేశారు. జిగ్మాస్ కట్ట మొత్తం ఎత్తాడు. చెయ్యి ముందుకు పోలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఒక్కోటి చదివి వెయ్యి నాయనా" అంది ఉర్షులె. "నేను వింటాను. గుర్తున్నన్ని గుర్తుంటాయి."

మొదటి మాట చదివాడు. ఆమె తిరిగి పలికింది. చీటీ మంటలో పడింది.

పదో మాటకి ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల దగ్గర కూర్చున్నాడు. పదకొండో మాట ఇద్దరు తిరిగి పలికారు.